బండకు చెవి పెట్టి వినే మనిషి

మొన్న మా వీధికి పరుపులు ఏకే మనిషి ఒకడు వచ్చినాడు. ఊరు సి.బెళగల్ అన్నాడు. ఇంట్లో గడ్డలు కట్టిన పరుపు ఒకటుంటే బయట వేయించి, ఆయన విప్పుకొని పని మొదలుపెడితే నేను గడప మీద కూర్చున్నాను. ఊరికే ఉండలేక అడిగినాను. మీ వాళ్లలో ఒకామె ఉండేది, మొగుడు పోయినాక తనే విల్లు పట్టి దూది ఏకేది, మొదట ఈ ఆదోనిలోనే ఉండేది, ఆమె సంగతి ఏమన్నా తెలుసా అని. ఆమె పేరేమిటని ఆయన అడిగినాడు.

నాకు పేరు తెలియదు. ఏడాదిన్నర ఒకే గోడకు ఇటు నేను, అటు ఆమె బతికినాము. మా ఇంట్లో అందరూ దూదేకులామె అనేవాళ్లు. కోపమొస్తే మా మామ ఇంకో మాట అనేవాడు. నేను అవ్వా అని పిలిచేదాన్ని. అవ్వకు ఒక పేరుంటుందని, అడిగితే చెప్తుందని నాకు ఏనాడూ తోచలేదు. ఇప్పుడు ఈయనకు ఏమని ఆనవాలు చెప్పాలో తెలియక, మురుగు మోరీ కట్టుకుపోతే బండకు చెవి పెట్టి వినేది అన్నాను.

ఆయన విల్లు ఆపి నవ్వినాడు. "ఆమేనా? శానా ఏండ్లాయె గదమ్మా పోయి. మా ఊర్లోనే పోయింది. నేను సిన్నోన్ని అప్పుడు" అన్నాడు. మళ్లీ విల్లు మోగించడం మొదలుపెట్టినాడు. నేను లోపలికి వచ్చేసినాను. పరుపు కుట్టడం అయినాక మా కోడలే పోయి తీసుకుంది.

నేను ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ల ఇంట్లో పుట్టినాను. పదహారేండ్లకు పెండ్లి చేసి ఆదోనికి పంపినారు. యాభైల మొదటి సంగతి. మా మామ పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. కొండ కింది వీధిలో సొంత ఇల్లు. పెరట్లో జలదారి ఉండేది. నీళ్లు పోసుకోవడం, గిన్నెలు తోమడం, గింజలు కడగడం అన్నీ ఆ బండల మీదే. ఆ నీళ్లు రాళ్లతో కట్టిన సన్న కాలువలో పడి గోడ కిందుగా అవతలికి పోయేవి. అవతల ఒక గది, దాని ముందర చిన్న వాకిలి. కాలువ ఆ వాకిలి పొడుగునా బండల కింద పోయి వీధి మోరీలో కలిసేది. ఆ గది ఒకప్పుడు మా ఎద్దుల కొట్టం. అందులో ఆమె ఉండేది. బాడుగ లేదు. బదులుగా మా ఇంటి మోరీ ఆమె తీయాలి, ఏడాదికొకసారి మా పరుపులు ఏకి కుట్టివ్వాలి. ఆమె మొగుడు బతికుండగా చేసుకున్న ఏర్పాటు అది. ఆయన పోయినాక విల్లూ ఆమెకే మిగిలింది, మోరీ కూడా ఆమెకే మిగిలింది.

పొడుగు మనిషి. ముందుకు కొంచెం వంగి నడిచేది. కనుబొమల మీద, రెప్పల మీద, పై పెదవి మీద ఎప్పుడూ దూది నూగు అంటుకొని ఉండేది. అందుకని మాట్లాడే ముందు కింది పెదవి ముందుకు పెట్టి పైకి ఒకసారి ఉఫ్‌మని ఊదుకునేది. అలవాటైపోయి, నీళ్లు పోసుకొని శుభ్రంగా వచ్చి నిలబడినప్పుడు కూడా ఊదుకునేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు అట్లాగే ఊదింది. నా మొహం నచ్చలేదేమో అనుకున్నాను.

మోరీ తీయడం ఆమెకు వైద్యుడు నాడి చూసినట్లు. నీళ్లు పోకుండా జలదారిలో నిలబడితే నేను గోడ దగ్గరికి పోయి చెప్పేదాన్ని. ఆమె విల్లు గోడకు తగిలించి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని వచ్చేది. "ఒక్క చెంబు ఇడువు పాపా, నిమ్మళంగా" అని గోడ అవతలి నుంచి అరిచేది. నేను పోసేదాన్ని. ఆమె మోకాళ్ల మీద కూర్చొని, తల పక్కకు వాల్చి, ఒక బండకు చెవి ఆనించి వినేది. మళ్లీ జరిగి ఇంకో బండకు. నాలుగు బండలు దాటేసరికి వేలి కణుపుతో తట్టి, ఈడుంది అనేది. ఆమె తట్టిన బండ కాక ఇంకోటి ఎత్తవలసిన అవసరం నేనున్నన్నాళ్లు రాలేదు.

అయితే అడ్డం ఎక్కడుందో తెలిసినా అక్కడ మొదలుపెట్టేది కాదు. వీధి కొసకు పోయి అక్కడినుంచి పైకి తీసుకుంటూ వచ్చేది. ఎందుకని అడిగితే, పైనుంచి పొడిస్తే గట్టిపడుతుందని, కిందినుంచి పిలిస్తే అదే వస్తుందని చెప్పింది. చీల్చిన వెదురు బద్ద ఒకటి, పీపాకు కట్టే ఇనుప పట్టీని కొక్కెంలాగ వంచుకున్నది ఒకటి, ఆమె పనిముట్లు. అవి కొంతదూరమే. "ఆఖరికి సెయ్యే పోవాల" అనేది, మోచేతి దాకా లోపలికి పెట్టి. పని అయినాక బూడిదతో మూడుసార్లు చేతులు తోముకొని, వేళ్లు వాసన చూసుకొని, నాలుగోసారి తోముకునేది. మా అత్త చెంబు పైకెత్తి దూరంగా నీళ్లు పోసేది.

తీసిన చెత్తను గంపలో వేసేటప్పుడు దాన్ని చదివేది. నిన్న మీ ఇంట్లో కొర్రలు కడిగినారు అనేది. శీకాయ పిప్పి చూసి, ఆడోళ్లంతా తలకు పోసుకున్నారే, ఏం పండగ అనేది. ఒకసారి ఏదో వేరు ముక్క పైకి తీసి, మీ అత్తకు కడుపునొప్పా, కషాయం తాగుతాంది అన్నది. నిజమే. మాకెవరికీ చెప్పకుండా మా అత్త నెల రోజులుగా తాగుతోంది. ఇండ్లల్లో మనుషులు దాచుకునేటివన్నీ మోరీకి తెలుసు పాపా అని నవ్వింది.

ఎమ్మిగనూరులో పొద్దు పొడిచినప్పటినుంచి మగ్గం చప్పుడులో పెరిగినదాన్ని. ఆదోనిలో ఆ ఇల్లు నాకు చెవుడు వచ్చినట్లు ఉండేది. గోడ అవతల ఆమె విల్లు మోగుతుంటే ప్రాణం కుదుటపడేది. మా అత్త గుడికి పోయినప్పుడు గోడ దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్లం. మా మగ్గాల గురించి, నూలుకు గంజి పట్టడం గురించి అడిగేది. వేయించిన వేరుశనగ బుడ్డలు కొంగులో పెట్టుకొని గోడ మీదుగా ఇచ్చేది. నేను అక్కడే నిలబడి తిని, పొట్టు ఆమె వైపే పారేసేదాన్ని, మా అత్త చూడకుండా. పీర్ల పండగకు ఆమె చక్కెర మీద ఫాతిహా చదివించి మా ఇంటికి ఆకులో తెచ్చేది. మా అత్త రెండు చేతులా తీసుకునేది. ఆమె పోయినాక చెట్టు మొదట్లో పోయించేది, నా చేతనే. నేను పోసేదాన్ని.

నేను కాపురానికి వచ్చిన మరుసటేడు వానలు పడలేదు. అంతకు ముందేడు కూడా అంతంత మాత్రమే. దేవనకొండ దిక్కు పల్లెల నుంచి జనం సంసారాలు మూటగట్టుకొని ఆదోనికి వచ్చినారు. ఊరి బయట మైదానంలో గంజి పోసేవాళ్లు. పొద్దున్నే ముంతలు, సట్లు పట్టుకొని మా వీధిలోనుంచే వరుసగా పోయేవాళ్లు. అట్లాంటి కాలంలో పరుపు ఏకించుకునేది ఎవరు? అవ్వ విల్లు గోడకే వేలాడింది. ఆమె కూడా గంజికి పోయేది. ముంత కొంగు కింద పెట్టుకొని, అందరితో కాకుండా మిల్లు సందులోనుంచి చుట్టు తిరిగి పోయేది. మేము చూడలేదనుకునేది. మేమూ చూడనట్లే ఉండేవాళ్లం.

మా ఇంట్లో ఆకలి లేదు. మా మామ ఎట్లనో మూడు మూటల జొన్నలు సంపాదించి వెనక అర్రలో గోడకు ఆనించి పెట్టినాడు. ఆ అర్ర నేల పెరటికంటే జానెడు పల్లం. బియ్యం మాత్రం అరుదు. పెద్దల అమావాస్యకని మా అత్త ఒక కుండలో గుప్పెడు గుప్పెడుగా కూడబెట్టింది.

అమావాస్యనాడు పొద్దున ఆమె రెండు శేర్ల బియ్యం కొలిచి నా ముందర పెట్టి, తడిబట్టతో వండమని చెప్పి, దాయాదులను పిలవడానికి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఎసట్లో బియ్యం పోసినాను. వీధిలో గంజికి పోయే జనం చప్పుడయింది. తలుపు దగ్గరికి పోయి నిలబడినాను. ఒకాయన నెత్తిన తిరగలి పెట్టుకొని పోతున్నాడు. మెడ నరాలు ఉబ్బినాయి. గింజ లేని సంసారంలో ఈయన తిరగలి ఎందుకు మోస్తున్నాడా అని వీధి మలుపు దాకా చూస్తూ ఉండిపోయినాను. వెనక్కి వచ్చేసరికి ఇల్లంతా వాసన. అడుగు నల్లగా మాడింది, పైన ఇంకా పలుకు పోలేదు. కలియబెడితే మాడు ముక్కలన్నీ అన్నంలో కలిసిపోయినాయి.

పెద్దలకు పెట్టే అన్నం. మా అత్త కొట్టే మనిషి కాదు. కానీ ఒక మాట అంటే ఆ మాట ఇంట్లో మూడు నెలలు తిరిగేది. దాయాదుల ముందర ఆ మాట పడాల్సి వస్తుంది. ఆ అన్నం ఇచ్చేయాలంటే మనుషులు మా తలుపు ముందరే పోతున్నారు. ఒక్క కేక వేస్తే చాలు, మాడిన అన్నమైనా కళ్లకద్దుకొని తీసుకునేవాళ్లు. గోడ అవతల అవ్వ ఉంది. ఇస్తే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మా అత్తతో అంటారు. మోరీ అయితే ఎవరికీ చెప్పదు. జలదారి మూల బండ ఎత్తి, అన్నమంతా కాలువలో పోసి, చీపురు కట్టతో గోడ అవతలి దాకా తోసినాను. బావులు అడుగంటిన కాలం, నీళ్లకు కూడా లెక్కే. రెండు చెంబులు పోసి ఊరుకున్నాను. గిన్నె తోమి, కుండలోనుంచి మళ్లీ బియ్యం తీసి, ఈసారి పొయ్యి దగ్గరనుంచి కదలకుండా వండినాను.

దినం బాగా జరిగింది. అన్నం మల్లెపువ్వుల్లాగ ఉందని దాయాదుల పెద్దామె అన్నది. మిగిలినదాంట్లో ఒక ముద్ద దూదేకులామెకు ఇచ్చి రమ్మని మా అత్త నా చేతికే ఇచ్చింది. అవ్వ రెండు చేతులా పట్టుకొని, బువ్వ తిని శానా దినాలాయె పాపా అన్నది. నేను నిలబడలేదు.

ఐదో రోజు తెల్లవారుజామున వాన పడింది. రెండేండ్లలో అట్లాంటి వాన లేదు. వీధిలో జనం గొడుగులు లేకుండా నిలబడి తడిసినారు. మా పెరట్లో నీళ్లు నిండి, పోయే దారి లేక, తిరిగి వెనక అర్రలోకి పోయినాయి. మేము చూసేసరికి జొన్న మూటలు మూరెడు ఎత్తుదాకా నానినాయి. ఊరంతా సంతోషంగా ఉన్న పొద్దున మా మామ అర్ర గుమ్మంలో తల పట్టుకొని కూర్చున్నాడు. కరువులో మూడు మూటల జొన్నలు అంటే ఒక సంసారం.

అవ్వను పిలిచినారు. వాన వెలిసింది. ఆమె వచ్చి బండలకు చెవి పెట్టి, ఎప్పటిలాగే ఒకదాన్ని తట్టింది. గోడకు ఇవతల మేమందరం నిలబడినాము. అప్పుడది నడుము ఎత్తు గోడే. ఆమె వీధి కొసనుంచి మొదలుపెట్టి పైకి వచ్చి, ఆ బండ ఎత్తి, చెయ్యి పెట్టింది. పిడికెడు తీసింది. తెల్లగా ఉంది. నాని ఉబ్బి, ముద్దగా, మధ్యమధ్య నల్ల పలుకులతో ఉంది. దూరంనుంచి చూస్తే గింజ ముక్కలు అంటుకున్న తడి దూది ఎట్లుంటుందో అట్లుంది.

"సూడు. దూది. మోరీ పక్కన దూది పెట్టుకోవద్దని నూరు మార్లు సెప్పినా" అన్నాడు మా మామ.

ఆమె బొటనవేలితో ఆ ముద్దను కొంచెం నలిపింది. పెదవి మీదికి ఊదుకుంది. దూది ఏకి మూడు నెల్లాయె గదన్నా అన్నది మెల్లగా. అప్పటిదే ఇది, లోపల చేరి చేరి ఈ పొద్దు బయటపడింది అన్నాడు ఆయన. ఇంకో పిడికెడు తీసి గంపలో వేసింది. అప్పుడు తల ఎత్తి నా దిక్కు చూసింది.

ఒక చెంబు నిండేంతసేపు చూసి ఉంటుంది. నేను మా అత్త వెనక నిలబడి ఉన్నాను. నా కాలి మట్టెలను చూసుకున్నాను. మురికి గంప అని మా వాళ్లెవరూ గోడ దాటి దగ్గరికి పోలేదు. పోయి ఒక్కసారి వంగి చూసింటే చాలు, అన్నమని తెలిసిపోయేది. నా తరఫున ఆ అంటు కాపలా కాసింది.

మా మామ గది ఖాళీ చేయమన్నాడు. ఈ పొద్దే చేయమన్నాడు. ఆమె బతిమాలలేదు.

"సరేన్నా. ఈ మోరీ తీసి పోతా. సగంలో ఇడిస్తే మళ్ల పైకొస్తాది" అన్నది.

అన్నట్లే, వెళ్లిపొమ్మన్న ఇంటి మోరీని ఇంకో గంటసేపు తీసింది. బండలన్నీ ఎత్తి, వెదురు బద్దకు గుడ్డ చుట్టి ఈ కొసనుంచి ఆ కొసకు లాగింది. నీళ్లు వదలమని అరిస్తే మా అత్త వదిలింది. నీళ్లు చప్పుడు లేకుండా జారిపోయినాయి. ఆమె బండలు సర్ది, చేతులు బూడిదతో నాలుగుసార్లు తోముకుంది. మధ్యాహ్నానికి విల్లు భుజాన, మూట నెత్తిన పెట్టుకొని వీధిలోకి నడిచింది. నేను మిద్దె మీద తడిసిన జొన్నలు ఆరబోస్తున్నాను. పైనుంచి ఆమె పాపిట కనిపించింది, నూగు నూగుగా. పిలవలేదు.

ఆ తర్వాత మోరీకి ఇంకో మనిషిని పెట్టినారు. ఆయన పైనుంచి పొడిచేవాడు. ఆ ఏడాదిలో మూడుసార్లు కట్టుకుపోయింది. దూది పోగు కూడా లేని మోరీ ఎందుకు కట్టుకుపోతోందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

నేను మాత్రం మనసులో ఒక కథ అల్లుకున్నాను. అవ్వకు అన్నమని తెలుసు. వేరు ముక్క చూసి కషాయం సంగతి చెప్పగల మనిషి, ఆమెకు తెలియకపోవడమేమిటి? తెలిసి కూడా నా కాపురం చల్లగా ఉండాలని నోరు మూసుకొని, నింద తన మీద వేసుకొని పోయింది. ఇదీ ఆ కథ. దాన్ని తలచుకుంటే కళ్లు చెమ్మగిల్లేవి, మనసు కొంచెం తేలికయ్యేది కూడా. ఒకసారి పేర్లు లేకుండా పక్కింటి ఆడవాళ్లకు చెప్పినాను కూడా, మా ఊర్లో ఎవరిదో సంగతి అన్నట్లు. వాళ్లు ఎంత మంచి తల్లి అన్నారు. నేనూ అవునన్నాను.

నాలుగేండ్ల తర్వాత కాన్పుకని ఎమ్మిగనూరుకు పోయినాను. పాప పుట్టింది. మూడో నెలలో మా అమ్మ బిడ్డకు చిన్న పరుపు కుట్టించాలని, వీధిలో పోయే దూదేకులామెను పిలిచింది. నేను పాపను ఒళ్లో పెట్టుకొని బయటికి వస్తే, అవ్వ. చిక్కిపోయింది. వెంట్రుకలు నెరిసినాయో, దూదో తెలియలేదు. నన్ను చూసి ఊదుకొని, ఆదోని పాపవు గదా అన్నది. బిడ్డ మొహం చూసి బాగుందన్నది. కూర్చొని విల్లు కట్టుకుంది.

నేను లోపలికి పోయి ఆకులో అన్నం, పప్పు, పెరుగు పెట్టుకొచ్చినాను. ఆమె తిన్నది, ఒక్క మెతుకు మిగలకుండా. మా అమ్మ పనిమీద లోపలికి పోయింది. నాలుగేండ్లుగా దాచుకున్నదాన్ని అప్పుడు బయటపెట్టినాను. ఆ పొద్దు మోరీలో అన్నం పోసింది నేనే అని చెప్పినాను. నువ్వు నన్ను కాపాడినావు అవ్వా, నీ మేలు మరిచిపోను అన్నాను. ఏడుపు కూడా వచ్చింది.

ఆమె దూదిలోనుంచి గింజ ముక్క ఏరి పారేసింది.

"నేను కాపాడల్యా పాపా" అన్నది. "నువ్వు సెప్తావని సూసినా."

నాకు అర్థం కాలేదు. ఆమె కోపంగా లేదు. దావ చెప్పినట్లు నిదానంగా చెప్పింది. "అది బువ్వని నేను సెప్తే ఎవురు నమ్ముతారు? కరువులో పెద్దింటోళ్లు బువ్వ మోరీలో పోసినారని దూదేకులది సెప్తే నా నాలుక కోస్తారు. నువ్వు సెప్తే నమ్మేటోళ్లు. అందుకే నీ దిక్కు సూసినా. నువ్వు నేల సూస్తివి."

ఊరు విడిచి వెంటనే పోలేదట. మిల్లు సందు మొదట్లో ఒక అరుగు మీద మూట దించుకొని మూడు దినాలు కూర్చుందట. చిన్నపిల్ల, ఆ పొద్దు భయపడింది, రేపైనా చెప్తుంది, ఎవరో ఒకరు పిలవను వస్తారు అనుకున్నదట. నాలుగో దినం లేచి ఎమ్మిగనూరు దావ పట్టింది.

"కోపం ల్యా. సిన్నదానివి" అన్నది. "ఐతే కాపాడినాననొద్దు. నేను అంత మంచిదాన్ని కాదు. ఆ పొద్దు నాకు ఇల్లు కావల్ల, అంతే."

విల్లు మోగుతూ ఉంది. నూగు లేచి పాప మీద పడుతుంటే కొంగు కప్పినాను. చివరికి, ఆదోనికి పోతూనే మా మామతో చెప్పి నిన్ను పిలిపిస్తాను అన్నాను. అట్లా మాట ఇవ్వడం ఆ పూట సులువుగానే అనిపించింది. ఆమె విల్లు ఆపింది. ఆ గది ఖాళీగా ఉందా అని అడిగింది. కట్టెలు పెట్టుకున్నారని చెప్పినాను. లోపలి గోడకు ఒక కొయ్యగూటం ఉండాల, విల్లు తగిలించనీకె నా మొగుడు కొట్టింది, ఉందా అన్నది. ఉందన్నాను. పిలిస్తే వస్తా అన్నది. ఒంటరిగా ఊర్లు తిరగడం ఇంక కాళ్ల వల్ల కావడం లేదన్నది. పరుపు కుట్టి, అరచేత్తో అంగుళం అంగుళం ఒత్తి చూసింది, గడ్డ ఉంటే బిడ్డకు ఒత్తుకుంటుందని. ఎప్పుడు పోతావు ఆదోనికి అని లేస్తూ అడిగింది. వచ్చే నెల అన్నాను. ఆమె మనసులో పెట్టుకున్నట్లు తల ఊపింది.

వచ్చే నెల ఆదోనికి పోయినాను. మామతో చెప్పాలని వారం రోజులు తిరిగినాను. ఆయన ఎదురుగా పోయి నిలబడేదాన్ని. ఏమ్మా అంటే, నీళ్లు తోడమంటారా అని అడిగి వచ్చేసేదాన్ని. ఆయనతో చెప్పడం నా వల్ల కాక, ముందు మా అత్తతో చెప్పినాను. ఇద్దరం పెరట్లో కూర్చొని బుడ్డలు ఒలుస్తున్నాము. అన్నం మాడిన దగ్గరినుంచి అరుగు మీద మూడు దినాల దాకా అంతా చెప్పినాను. ఎంత మాటైనా పడదామని తల వంచుకొని ఎదురుచూసినాను.

ఆమె ఒలవడం ఆపలేదు. "నాకు తెలుసు" అన్నది.

ఎట్లా తెలిసిందో ఆమే చెప్పింది. బియ్యం కొలిచి పెట్టింది నేను, అమావాస్య పోయినాక కుండలో చెయ్యి పెడితే నాకు తెలియదా? వాన పడిన పొద్దున దాని చేతిలోది చూస్తూనే తెలిసింది. మాడు వాసన కూడా తెలిసింది. మీ మామకు చెప్పలేదు. చెప్తే ఆయన నోరు ఊరుకోదు. ఊరంతా గంజికి పోతున్నప్పుడు ఫలానా ఇంటోళ్లు రెండు శేర్ల అన్నం మోరీలో పోసినారని తెలిస్తే ఈ వీధిలో తల ఎత్తుకొని తిరిగేదా? దూదని అనుకున్నారు, అనుకోనీ అని ఊరుకున్నాను. అదీ ఆమె చెప్పిన మాట.

ఇప్పుడైనా ఆమెను పిలుద్దాము అత్తా, గది ఖాళీ చేయిద్దాము అన్నాను.

"పిలిస్తే, అప్పుడెందుకు పంపినామో సెప్పాల్సి వస్తాది" అన్నది ఆమె. చాటలో పొట్టు ఊదింది.

నాకు కోపం రావలసింది. రాలేదు. ఇంక మామ ఎదురుగా పోయి నిలబడాల్సిన పని లేదని గుండె మీదినుంచి బరువు దిగింది. పెద్దామె వద్దన్నది, నేనేం చేసేది అని ఒక ఆధారం దొరికింది. ఆ తర్వాత ఎమ్మిగనూరుకు పోయినప్పుడల్లా, దూదేకులవాళ్లు తిరిగే పూట చూసుకొని లోపలే ఉండేదాన్ని. ఒకసారి వీధిలో విల్లు మోగితే మా అమ్మ, మీ ఆదోని అవ్వ వచ్చినట్లుంది, పిలవనా అన్నది.

పాప నిద్రపోతోంది, వద్దులే అని తలుపు దగ్గరికి వేసినాను.